రంగు మరకల నిచ్చెన

మెట్రో రైల్లో నిచ్చెన ఎక్కించడమంటే
ఇంటిల్లిపాదికీ పరీక్షే.
ముందు కాళ్లు మా ఆయన హెర్మాన్ చేతిలో,
వెనక కాళ్లు నా చేతిలో,
పక్కనే మా నాన్న ఎవరిస్తో
"మెల్లగా, మెల్లగా, దాని కీలు వదులు" అంటూ
కొత్తగా కొన్న ఎద్దును ఇంటికి తోలుకొస్తున్నట్టు.

వయేకాస్ నుంచి ఇంత దూరం ఎవరూ విసుక్కోలేదు.
ఇవాళ జనవరి ఐదు.
మాడ్రిడ్‌లో సగంమంది భుజాన నిచ్చెనలు,
మిగతా సగం చేతుల్లో గొడుగులు.
మబ్బు తునక లేదు పైన.
గొడుగులు మిఠాయిల కోసం.

నలభై ఏళ్లు గోడలకు రంగులేశాడు నాన్న.
ఆయన పద్దు పుస్తకం ఈ నిచ్చెనే:
మూడో మెట్టు మీది లేతాకుపచ్చ ఒక ఆసుపత్రి,
ఐదో మెట్టు మీది నీలం
డబ్బులెగ్గొట్టిన లాయరుగారి పడకగది,
పైమెట్టు మీది పసుపు
నేను పుట్టానని కబురొచ్చినప్పుడు ఒలికిందట.

రైల్లో బ్రూనో అడిగాడు:
"తాతా, ఒంటె మీద కప్పే గుడ్డ ఏ రంగు?"
"తెలీదురా. నేనెప్పుడూ చూళ్లేదు."
"ప్రతి ఏడూ వస్తావుగా!"
"వస్తాను. కింద పట్టుకుంటాను."
అంతే అన్నాడు. తర్వాత కిటికీలోంచి
సొరంగం గోడలకి పెచ్చులూడడం చూస్తూ కూర్చున్నాడు.

మూడు గంటల ముందొచ్చి కాస్తెయానా రోడ్డు పక్కన పాగా వేశాం.
బ్రూనోకి రెండుసార్లు అర్జంటయింది.
పక్క నిచ్చెనావిడ మా జాగా కాదంది,
హెర్మాన్ మాదే అన్నాడు,
పావుగంటకి ఆవిడ పొద్దుతిరుగుడు గింజలు
మా అందరి నోళ్లలోనూ ఉన్నాయి.

డప్పులు మా చెవులకన్నా ముందు
నిచ్చెన ఇనుముకి వినబడ్డాయి.
అరిచేతిలో చిన్న వణుకు.
అప్పుడు దిగింది హిమేనా, పదేళ్ల పిల్ల,
పైమెట్టు దాకా ఎక్కిందల్లా.
"తాతా, నువ్వెక్కు."
"చాల్లే, నా బరువుకి..."
"నలభై ఏళ్లు మోసింది. ఇవాళ మొయ్యదా?"

ఒక కాలు నేను, ఒక కాలు హెర్మాన్,
ఒకటి పక్కావిడ, ఒకటి ఎవరో సైనికుడి టోపీ పెట్టుకున్న కుర్రాడు.
నాన్న ఎక్కాడు,
బ్రష్ లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక.

నాకు కనబడేది కోట్ల వీపులు.
తడిసిన ఉన్ని వాసన, వేయించిన పిండి వాసన,
ఎవరి మోచెయ్యో నా చెవిలో.
ఓహో, నాన్న ఊరేగింపు ఇదన్నమాట ఇన్నాళ్లూ.

పైనుంచి మాత్రం వార్తలొస్తున్నాయి:
"వెండి చేప! బస్సంత ఉంది!"
"కాళ్లకి కర్రలు కట్టుకున్న పిల్లలు, రెండో అంతస్తుతో మాట్లాడుతున్నారు!"
"ఆ నీలానికి రెండో కోటింగ్ పడలేదు, ఏం మనుషులో!"
"గుడ్డ ఎరుపు బ్రూనో! ఎరుపు, అంచు నారింజ!"
మూడో రాజు బండి వచ్చేసరికి
కాసేపు ఏ వార్తా లేదు.

తలెత్తి చూశాను.
చేతులు రెండూ గాల్లో,
డెబ్భై ఒకటేళ్ల మనిషి "ఇటు! ఇటు!" అని కేకలు.
రాజు విసిరిన గుప్పెడు నేరుగా వచ్చి
ఆయన కళ్లద్దాల మీద టపటపలాడింది.
మిగతాది హిమేనా తిరగేసి పట్టిన గొడుగులో
వడగళ్లలా.

ఇంటికెళ్లేటప్పుడు చూస్తే
రెండో మెట్టు మీద ఒక మిఠాయి నలిగి అంటుకుపోయింది,
గులాబీ రంగు.
గోటితో గీకబోతే
"ఉండనీ" అన్నాడు.

తిరుగు రైల్లో నిచ్చెన దారిలో మూడు తలలకి తగిలింది.
నాన్న "మెల్లగా" అనలేదు.
జేబుల నిండా మిఠాయిలతో, ముక్కూమొహం తెలియని ఒకావిడకి
ఆ నీలం ఎలా వెయ్యాలో చెబుతున్నాడు,
మా స్టేషన్ దాటిపోయినా.