పదకొండు బారలు

కర్నూలు పాతబస్టాండు కాడ
గడియారాల కొట్టు షట్టరు సగం దించి
సందకాడ ఈకలు కడతాండా.
కంటికి అదే భూతద్దం, చేతికి అదే చిమ్టా,
పళ్లచక్రం ఉండేచోట గాలపు కొక్కీ.
నాటుపుంజు మెడ ఈక రెండు పోగులు,
టైలరు జబీన్ ఇచ్చిన ఎర్రపట్టు దారం మూడు చుట్లు.
ఈగ అయ్యింది.
ఊదితే లేచిపోయేటట్టుంది.

ఆత్మకూరు నుంచి మద్దిలేటి ఫోను:
"నాలుగు దినాలంటే ఉప్పు తే, జొన్నపిండి తే,
టార్చికి సెల్లులు తే.
గుడిసె కాడ సిగ్నలూ రాదు, పొద్దూ పోదు.
పుట్టికి తారు పూసినా, ఆరుతాంది."

"చేప పడకపోతే ఏం తింటావ్?"
జైనాబీ బుడ్డల పొడి డబ్బా ఇరికించింది సంచిలో.
"పడినా విడిచిపెడతా" అన్నా.
నా మొగం దిక్కు చూసి
ఇంకో డబ్బా తెచ్చింది.

దారం లెక్కే తేలలేదు.
ఎంత కావాల్నో అడిగితే
మద్దిలేటి రవ్వంతసేపు పలకలేదు.
"మీ మిద్దె మీదనా?
ఈ ఏడు నీళ్లు బాగా నిలిచినాయి.
పదకొండు బారలు."

ఆ పొద్దు తలుపులు ఊడబీక్కొని వచ్చినాం,
దూలాలు బండికెత్తినాం.
గడపరాయి మాత్రం పెగల్లేదు.

ఈక గాలానికి లోతుతో పనిల్యా,
నీళ్ల మీద కూర్చుంటాది, అంతే.
నాకు తెలుసు. వానికీ తెలుసు.

షట్టరు పూర్తిగా దించి
చేతులు బార చాపి కొలిచినా,
గోడమీది గడియారాలు తలా ఒక టైము చూపిస్తాంటే.
పదకొండో బార కాడ ముడేసి
జైనాబీకి కనపడకుండా
కొసన ఒక సీసపుగుండు కట్టినా.