ఏది ముందైతే అది

ఐదేండ్లు లేదా డెబ్బై వేల కిలోమీటర్లు,
ఏది ముందైతే అది
అని రాసున్న పుస్తకాన్ని
బీరువాల పట్టుచీరె మడతల పెట్టింది కోమల.
మొన్న తీస్తే
దానికి ఇంకా షోరూం వాసనే ఉన్నది.

మాకు ఏండ్లే ముందొచ్చినయి.
ఆ నెల షోరూం పిల్ల ఫోన్ చేసి
"సార్, వారంటీ పొడిగించుకుంటరా" అంటే
మిర్చి ఇంకా కల్లాలకు రాలేదమ్మా అన్న.
ఆమెకు సమజు కాలే.
మల్ల ఎన్నడు ఫోన్ రాలే.

పందొమ్మిదో దినం
గూడెప్పాడు కాడ క్లచ్చు జారింది.
ఇనుముకు తారీకులు తెల్వయంటరు గని
నేను నమ్మ.
మార్కెట్‌కు పోయే డీసీఎం ఆపి ఎక్కిచ్చిన,
మిర్చి బస్తాల మీద బండి,
బండిని పట్టుకొని నేను,
ఏనుమాముల దాంక తుమ్ములే తుమ్ములు.

పోచమ్మమైదాన్ సందుల
లారీ పరదా కింద యాకూబ్ పాషా.
స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజన్‌కు ఆనిచ్చి
ఇంకో కొస చెవిల పెట్టుకుంటడు,
కండ్లు మూసుకుంటడు.
ఆయనకు ఇనపడేది నాకు ఎన్నడు ఇనపడలే.
"గుండె మంచిగనే ఉన్నది, గొంతు పోయింది" అంటడు,
లేకుంటే
"వరద నీళ్లల్ల దింపినవ్ గద"
అని దొంగను పట్టినట్టు చూస్తడు.
ఓసారి ఫిల్టర్ విప్పి గచ్చు మీద కొడితే
ఎర్రగ రాలింది దుమ్ము.
ఆయన తుమ్మిండు, నేను తుమ్మిన,
రోడ్డవతల పాన్‌డబ్బా కొమ్మాలు సుత తుమ్మిండు.
"ఓదేలన్నా, నీ బండి పెట్రోల్‌తోని కాదు
తొక్కుతోని నడుస్తాంది."

ఏమేం మార్చినమో లెక్క తీద్దామని ఓ రాత్రి కూసున్న,
దడవాయిని, లెక్క నా పనే గద.
చెయిన్లు మూడు దాంక రాసిన.
అటెనుక పిస్టన్, కార్బురేటర్, సీటు,
బిడ్డ పదో తరగతిల పగులగొట్టిన హెడ్‌లైట్...
పెన్ను ఆగింది.
మరి నేను కొన్న బండి ఎటువోయింది?
పాషాను అడిగిన.
పాత సామానంత డబ్బాల నింపి
కిలోల లెక్కన అమ్మిండట.
ఆ కాంట ఎవరు పట్టిండ్రో,
తరుగు ఎంత తీసిండ్రో.

మీటరు కేబుల్ మాత్రం ఏపియ్యలే.
అరవై ఒక్క వేల రెండు వందల ఎనిమిది కాడ ఆగింది.
నాలుగు వందలే అయితది అన్నడు పాషా.
వచ్చే నెల అన్న.
ఆ వచ్చే నెలకు ఇప్పుడు ఎనిమిదేండ్లు.
బస్తాకు పావుకిలో అటిటైతే
రైతుతోని మాటపడేటోన్ని,
నా బండి ఎంత తిరిగిందో నాకు తెల్వది.

పదిహేనేండ్లు నిండినయని
ఆర్టీఏ ఆఫీసుకు తోలిన.
చాసిస్ నంబరు మీద జిడ్డు కిరసనాయిలుతోని కడిగి
తెల్లకాయితం పెట్టి
పెన్సిల్ పండబెట్టి రుద్దమన్నరు.
రుద్దిన.
ఒక్కొక్క అంకె
నిద్రల నుంచి లేస్తున్నట్టు పైకొచ్చింది.
ఇదొక్కటి మారలే.
ఇదొక్కదాన్నే నేను ఇన్నేండ్లల్ల ఎన్నడు చూడలే.

ఇన్‌స్పెక్టర్ అద్దాలు సర్దుకొని మీటరు చూసిండు,
కొట్టి చూసిండు, రాసుకున్నడు:
అరవై ఒక్క వేల రెండు వందల ఎనిమిది.
"తక్కువనే తిప్పినవ్" అన్నడు.
అంటే కాయితం ప్రకారం
ఎనిమిదేండ్ల సంది నేను ఎక్కడికి పోలే.
చలిల పోలే, వానల పోలే,
బిడ్డకు జరమొస్తే అర్ధరాత్రి ఎంజీఎంకు పోలే.

ఇంకో ఐదేండ్లకు ముద్ర కొట్టిండు.
ఏది ముందైతే అది అని
ఎక్కడ రాసిలేదు, తిప్పి సుత చూసిన.

బయటికొచ్చి రెండు కిక్కులు కొట్టిన, లేవలే.
ఎనుక నిలబడ్డ పిలగాడు
"అన్నా, కొత్తది కొనరాదే" అన్నడు.
బండిని కొద్దిగ ఎడమపక్కకు వంచి
కార్బురేటర్ల పెట్రోల్ సర్దుకునేదాంక ఆగిన.
అది ఏ పుస్తకంల లేదు.