నాలుగో అడ్రసు

ఆదోని మార్కెట్ యార్డు. రాత్రి పదకొండు దాటింది.
పొద్దున ఎనిమిదికి పత్తి టెండరు.
మూడు సర్వర్లలో రెండు పోయిన వారమే కన్ను మూశాయి.
మిగిలినదాని వీపున ఒకే ఒక్క నెట్‌వర్క్ కార్డు,
ఒకే నీలం తీగ.

ఫోన్లో సెక్రటరీ సారు:
"ఇంగా కార్డులు కొనాల్నా నాగూరమ్మా?"
అక్కర్లేదు సార్, పేర్లు పెడితే చాలన్నాను.

చివర పది, టెండర్లకు.
పదకొండు, కాటాలకు.
పన్నెండు, గేటు కాడి కెమెరాకు.
అన్నీ ఆ ఒక్క కార్డుకే కట్టి
బయటినుంచి పిలిచి చూస్తే
ప్రతి పేరుకూ "ఓ" అని పలికింది.

బడి రిజిస్టర్లో నేను డి. నాగూరమ్మ.
అమ్మకు నాగూర్బీ, అత్తగారి వీధికి దస్తగిరి పెండ్లాం,
హమాలీలకు కంప్యూటరమ్మ.
ఎవరు కేకేసినా తిరిగేది ఈ మెడే,
నొప్పి పుట్టేదీ దీనికే.

మా నాయన దూదేకే విల్లుకూ ఒకటే నారి.
సేట్ల పరుపులు, బాలింతల మెత్తలు,
పీర్ల చావిడి దిండ్లు,
అన్నీ ఆ నరం మీదే ఎగిరి తెల్లబడ్డాయి.
ఎవరింటి దూది వాళ్ళింటికే పోయింది.

పదమూడు మాత్రం మొండికేసింది.
పాత రేట్ల లెక్కకు ఇవ్వాల్సిన అడ్రసు.
కట్టగానే కార్డు విదిలించింది:
ఈ పేరుతో ఇంకొకరున్నారు.
పిలిచాను. పలికింది.
సర్వరు తీగ పీకేసి పిలిచాను.
అయినా పలికింది.

టార్చి పట్టుకుని తీగ వెంబడి నడిచాను.
వెనకాల వాచ్‌మన్ ఈరన్న, "దెయ్యమేమో మా" అంటూ.
మూడో షెడ్డు చివర, పాత కాటా గదిలో,
చినిగిన గోతాల కింద
తెర లేని కంప్యూటరొకటి.
గాలి పీల్చే చిల్లుల నిండా దూది.
పచ్చ దీపం ఆరుతూ, వెలుగుతూ.

కాటా గుమాస్తా రామాంజులు దిగిపోయి ఆరేండ్లు.
ఆపడం మరిచాడో,
ఆపమని ఎవరూ చెప్పలేదో.
ఆరేండ్లుగా ఒక్క బస్తా తూయలేదు,
పిలిస్తే పలకడానికి మాత్రం కూర్చునుంది.

"పీకేయ్ మా, కరెంటు దండగ."
నిజమే.
ప్లగ్గు దాకా పోయిన చెయ్యి
చిల్లుల్లోని దూది గిల్లింది,
అలవాటు చొప్పున వేళ్ళ నడుమ ఏకు చేసింది.

సర్వరుకు పద్నాలుగు ఇచ్చాను.
పదమూడని రాసిన చోటల్లా దిద్దాలి, ముప్పై చోట్లు.
దిద్దేసరికి గేటు దగ్గర
మొదటి పత్తి బండి హారను కొట్టింది.
ఎవరో "కంప్యూటరమ్మా" అన్నారు.