దూపకు ఇంగ్లీషు మాట

సోహార్ రేవు వెనక క్యాంపు, గది నంబరు పద్నాలుగు.
పై మంచం మీద బోర్లా పడుకుని
సెల్లులో దరఖాస్తు నింపుతున్నాను.
వృత్తి ఆరోగ్యం, పర్యావరణ ఆరోగ్యం: ఎమ్మెస్సీ,
మస్కట్‌లో, సెలవు రోజుల తరగతులు.

డిగ్రీ ఉందా? ఉంది.
కెమిస్ట్రీ, కోరుట్ల, యాభై ఎనిమిది శాతం.
అరవై ఉండాలట.
తక్కువైన ఆ రెండూ ఎక్కడ పోయాయో నాకు తెలుసు.
మూడో ఏడు పరీక్షల ముందు
వీసా మెడికల్‌కు బొంబాయి పోయి వస్తున్న రాత్రి,
రైల్లో, నిలబడి.

ఇంగ్లీషు పరీక్ష స్కోరు? వచ్చే నెల.
గణాంకశాస్త్రం చదివారా?
చదవలేదు. లెక్కపెట్టాను.
రోజూ పొద్దున ఆరింటికి నల్ల గుండున్న మీటరును
ముక్కాలి మీద నిలబెట్టి, గంటగంటకూ
ఎండనూ ఉక్కనూ గాలినీ కలిపిన ఒక్క అంకెను
బోర్డు మీద సుద్దతో రాస్తాను.
అంకె ఎరుపు దాటితే ఈల ఊదుతాను.
ఈల ఊదితే ఫోర్‌మన్ గడియారం చూస్తాడు.

క్షేత్ర అనుభవం, నెలల్లో?
ముప్పై ఒకటి.
అందులో ఒక నెల ఓదెలుది.

ఓదెలు మా మెట్‌పల్లి వైపే, పరంజా కట్టే మనిషి.
జులైలో ఒకరోజు, మరుగుదొడ్డి గోడకు నేనతికించిన
రంగుల పట్టీ ముందు నిలబడి పిలిచాడు.
"తమ్మీ, నా రంగు ఇండ్ల లేదు."
లేత పసుపు నుంచి ముదురు గోధుమ దాకా ఎనిమిది గళ్లు.
అతనిది తొమ్మిదోది. పాలు పోయని చాయ్.

నీళ్లు తాగమని మూడు భాషల్లో బోర్డు పెట్టింది నేనే.
ఎందుకు తాగలేదన్నా అంటే నవ్వాడు.
"తాగితే దిగాలె గద.
దిగి ఎక్కనీకి ఇరవై నిమిషాలు.
ఇరవై నిమిషాలకు మేస్త్రీ గంట కోస్తడు.
దూప ఆపుకునుడు అలవాటైంది,
ఒంటేలు ఆపుకునుడే కష్టం."

నా మీటరు గాలిని కొలిచింది.
నిచ్చెనను కొలవలేదు.
ఆ రాత్రి నేనెక్కి లెక్కపెట్టాను. నూట పన్నెండు మెట్లు,
ఆ తర్వాత ఇసుకలో మూడొందల అడుగులు.
కాగితం మీద గీసి, సంతకం పెట్టి
ఈజిప్టు ఇంజనీరు బల్ల మీద ఉంచితే
పద్దెనిమిది రోజులకు
క్రేను ఒక నీలం ప్లాస్టిక్ దొడ్డిని
ఆకాశంలో ఊపుకుంటూ ఆరో అంతస్తుకు ఎత్తింది.
కింద అందరూ ఈలలు వేశారు, బారాత్ వచ్చినట్టు.
ఓదెలు చూడలేదు.
అప్పటికే నిజామాబాదులో
వారానికి రెండుసార్లు మిషను పక్కన పడుకుంటున్నాడు.

సిఫారసు లేఖలు రెండు.
ఒకటి క్యాంపు డాక్టరు ఇస్తానన్నారు.
రెండోది, "మీ పనిని దగ్గరగా చూసినవారు" అని ఉంది.
ఓదెలుకు ఫోన్ చేశాను.
"ఇంగ్లీషుల రాయాల్నా? నాకు సంతకమే వచ్చు.
నువ్వే రాసుకో.
అబద్ధం మాత్రం రాయకు, నన్ను కాపాడిన అని."

ఆశయ పత్రం, ఐదు వందల మాటలు మించరాదు.
మొదటి మాట దగ్గరే ఆగాను.
దూపకు నిఘంటువు ఒక మాట ఇస్తుంది,
గొంతెండితే సరిపోయే మాట.
నూట పన్నెండు మెట్ల పైన
సీసా మూత తీసి, కిందికి చూసి,
మళ్లీ బిగించే చేతికి
అది చాలదు.

డబ్బాలో తెలుగులోనే కొట్టాను, దూప అని.
మిగిలినవి నాలుగు వందల తొంభై తొమ్మిది
అని చూపించింది.

కింది మంచం బిస్వజిత్ లైటు ఆర్పమంటున్నాడు.
బస్సు నాలుగున్నరకు.