సీటుబెల్టు తీసేయండి

ఔలు నగరంలో జనవరి.
మూడున్నరకే చీకటి.
దీపం వేసి వెతకమన్నాను
మా ప్రోగ్రాములో ఆ మూడక్షరాల పేరు
ఎన్ని చోట్ల ఉందో.

కే వీ ఎం.
నాలుగువందల పన్నెండు చోట్ల.

ఆరేళ్ళ కిందట ఎవరో, ఎవరో ఏమిటి, నేనే,
కింద ఇంకొకటి ఎప్పటికీ రాదనుకుని
నేరుగా పిలిచేశాను దాన్ని
చనువుగా,
ఏకవచనంలో.

ఇప్పుడు రెండోది వచ్చి గుమ్మంలో నిలబడింది.
టార్టు నుంచి హెయ్నో అనే ఆయన ప్యాచ్‌లు పంపాడు,
ఇరవైతొమ్మిది.
మొదటి వాక్యమే క్షమాపణ.

మార్కెట్టా ఒప్పుకోలేదు.
"రెండు పడవల మీద కాళ్ళు పెట్టి
ఎవరు దాటారు సిర్కూ, నువ్వు చెప్పు?"
ఆమె తప్పేం లేదు.
పరీక్షలు రెట్టింపు, నిద్ర సగం.

కింద హైపర్‌వైజర్ మారినా
పైన అతిథికి తెలియకూడదు అంటాం.
అనడానికేం.
అతిథి లేని చిరునామా తడిమినప్పుడు
మొదటిది తనే విడమరిచి
"నాలుగు బైట్లు రాయమంటున్నాడు" అని చేతిలో పెడుతుంది.
రెండోది ముడి బైట్లు ఒళ్ళో కుమ్మరించి
"నువ్వే చదువుకో" అంటుంది.
అందుకే హెయ్నో చదువు చెప్పాడు మా ప్రోగ్రాముకి
ఒక్కో ఆజ్ఞా, ఒక్కో ఉపసర్గా,
బియ్యంలో రాళ్ళేరినట్టు.

శనివారం హైలువోటో దీవికి బయల్దేరాను.
మంచు దారి తెరిచారు.
బోర్డు మీద:
ఎక్కడా ఆగకండి.
ముందు బండికి ఎడంగా ఉండండి.
సీటుబెల్టు తీసేయండి.

మునిగితే ఈదాలి కదా, అందుకు.

దూరాన ఫెర్రీ
మంచు పగలగొట్టుకుంటూ పోతోంది.
నేను అదే మంచును నమ్ముకుని పోతున్నాను.
ఒకే సముద్రం.
దానికి పగలాలి,
నాకు పగలకూడదు.
ఇద్దరం దీవికే.

దుకాణంలో లెంపి కాఫీ పోస్తూ అడిగింది
"దేని మీద వచ్చావు?"
"ఎలా వస్తే ఏం, వచ్చానుగా."
"తిరిగి ఎలా పంపాలో తెలియొద్దూ?"

ఆ కప్పు చల్లారిపోయింది, తాగలేదు.

తేడా దాచడమే పని అనుకున్నానిన్నాళ్ళూ.
కాదు.
అడిగేందుకు ఒక చోటుండాలి:
మురికి పేజీల లెక్క నువ్వు రాస్తావా, నన్ను రాయమంటావా?
గడియారం నీ దగ్గరుందా?
ఏది చేతకాదో సిగ్గుపడకుండా చెప్పు.

ఆదివారమంతా దిద్దాను.
నువ్వు అన్న చోటల్లా మీరు.
మీరంటే మర్యాద ఒక్కటే కాదు,
ఒకరి కంటే ఎక్కువమంది కూడా.
నాలుగువందల పన్నెండు పేర్లు
ఒక్క ఫోల్డరులోకి సర్దుకున్నాయి.
మిగతా ఇల్లంతా పేరు తెలియకుండానే నడుస్తోంది.

మార్కెట్టా రాత్రి రెండింటిదాకా చదివింది.
"పదకొండో ఫంక్షన్ పేరు వికారంగా ఉంది" అని రాసి
కింద సంతకం పెట్టింది.

బల్ల కింద రెండు యంత్రాలు,
ఒకటి గురక, ఒకటి ఈల.
రెండింటి మీదా ఒకే అతిథి లేచి
కళ్ళు నులుముకుని
ఎవరు మీరు, పేరు చెప్పండి, అని అడిగాడు.

ఒకదాంట్లో మాత్రం గడియారం
ఏడు మిల్లీసెకన్లు వెనక.
రేపు హెయ్నోని అడగాలి.

మంచు మార్చి నెలాఖరుదాకా ఆగుతుందంటున్నారు.
ఫెర్రీ మాత్రం ఎందుకైనా మంచిదని
ఖాళీగానైనా తిరుగుతోంది.