ఒకే పుట్టుమచ్చ

క్లాక్స్‌విక్ రేవులో వాన పైనుంచి పడదు,
పక్కనుంచి వస్తుంది.
ఫారో దీవుల వాళ్ళం, గొడుగుల మీద డబ్బు తగలెయ్యం.
రాత్రి పదకొండుకి సర్వర్ గది తలుపేసుకుని
తడి బూట్లు హీటర్ పక్కన విప్పి కూర్చున్నాను.

ఫియర్డ్‌లో ఆరు వలపంజరాలు,
ఒక్కోదాంట్లో డెబ్బై వేల సాల్మన్ చేపలు.
నీళ్ళలో ఊపిరి ఎంతుందో చెప్పాల్సిన తెర మీద
అంకె ఉండే చోట చిన్న గీత.

పింగ్ కొట్టాను.
పలికింది. పలికింది. పలికింది.
ఆ తర్వాత నాలుగుసార్లు ఉలుకూ లేదు పలుకూ లేదు.
మళ్ళీ పలికింది.
అసలు పలక్కపోయినా బాగుండేది.
తెగిన దానికి మందు తెలుసు నాకు,
ఇలా దోబూచులాడేదానికి తెలీదు.

కేబుల్ మార్చాను.
మార్చాక నవ్వొచ్చింది:
వర్చువల్ మెషిన్‌కి కేబులేమిటి,
ఇంకో యంత్రం పొట్టలో అద్దెకుండే దానికి!
నాట్ పెట్టి చూశాను.
ఇంటిల్లిపాదీ ఒకే గుమ్మంలోంచి బయటికెళ్ళొచ్చు గానీ
వీధిలోంచి ఎవరూ లోపలివాళ్ళని పేరుపెట్టి పిలవలేరు.
తీసేసి మళ్ళీ బ్రిడ్జ్.
గేట్‌వే సరిగానే ఉంది, మాస్కూ సరిగానే ఉంది.
ఫైర్‌వాల్‌ని పది నిమిషాలు నిద్రపుచ్చి
భయమేసి ఐదో నిమిషానికే లేపాను.

"మార్నా, ఒకటో పంజరం ఎనిమిదిన్నర.
రెండోది ఎనిమిది పాయింట్ రెండు."
రేడియోలో హోగ్ని.
గంటకోసారి పడవేసుకుని వెళ్ళి
చేతిమీటరు నీళ్ళలో ముంచి వస్తున్నాడు.
అరవై రెండేళ్ళు. మోకాలు నొప్పి.
ఐపీ అంటే ఏమిటని ఇంతవరకూ అడగలేదు,
"ఎప్పటికి బాగవుతుంది?" అని కూడా.
నేను గళ్ళ నోటుబుక్కులో రాసుకుంటున్నాను,
పెన్సిలుతో, స్కూలు పిల్లలా.

రెండున్నరకి స్విచ్ లాగ్ తెరిచాను.
మొట్టమొదట తెరవాల్సింది అదే,
ఎప్పుడూ చివర్నే తెరుస్తాను.
ఆ చిరునామా ఏడో పోర్టులో ఉంది, అంటుంది.
కాదు, పన్నెండులో.
కాదు, ఏడులో.
రెండు సెకన్లకోసారి మాట మార్చే సాక్షి,
ప్రతిసారీ నిజమే చెబుతోంది.

సోమవారం.
పరీక్షలకని పాత మెషిన్‌కి నకలు తీసింది ఎవరు?
నేనే.
పక్క సర్వర్ మీద నిలబెట్టి, పేరు మార్చి,
ఐపీ చివర నలభై ఒకటి తీసి నలభై రెండు వేశాను.
ఇంటిపేరూ డోర్ నంబరూ మారిస్తే
కొత్త మనిషైపోతుందనుకున్నాను.
మ్యాక్ అడ్రస్ అలాగే వదిలేశాను.
చివర రెండక్షరాలూ తేడా లేకుండా
మోచేతి మీద పుట్టుమచ్చలా ఇద్దరికీ అదే.
పేర్లు చదవడం స్విచ్‌కి రాదు,
అది మచ్చ చూసే మనిషిని పోల్చుకుంటుంది.
ఎవరు చివర నోరు విప్పితే
ఉత్తరాలన్నీ వాళ్ళ గుమ్మంలో పడేస్తుంది.
మూడు రోజులుగా చేపల ఊపిరంతా
ఏమీ అడగని నకలు చేతికి సగం అందింది.
అది తీసుకుని ఏం చేసుకోవాలో తెలీక
పారేసింది.

నకలుని ఆపి,
కొత్త మచ్చ ఒకటి పుట్టించి,
మళ్ళీ లేపాను.
పలికింది. పలికింది. పలికింది. పలికింది.
వందదాకా లెక్కపెట్టాను,
నూట ఒకటోది కూడా.

తెర మీద గీత చెరిగి అంకె వచ్చింది.
ఆరో పంజరం: ఎనిమిది పాయింట్ మూడు.
సరిగ్గా నాలుగైంది.
"మార్నా, ఆరోది ఎనిమిది పాయింట్ నాలుగు."
గాలిలో ఆయన గొంతు సగం కొట్టుకుపోతోంది.
బాగైపోయింది, ఇంక రావొద్దు అని చెప్పాలి.
బటన్ మీద వేలుంది.

పదో వంతు తేడా.
ఎవరిది ఒప్పో తెలీదు.
నోటుబుక్కులో రెండూ రాశాను,
ఆయనది ముందు.