తలుపులు తెరిచి ఉండగా

వూచ్ నగరంలో నవంబరు వస్తే
నాలుగింటికే వీధిదీపాలు వెలుగుతాయి.
మూతబడ్డ బట్టల మిల్లు ఎర్రగోడ వెనక
నా ఇంటికి సరిగ్గా పైన ఒతీలియా ఉంటుంది.
ముప్ఫై ఒక్క ఏళ్లు ట్రామ్ నడిపిన మనిషి.
ఇప్పుడు రొట్టె కోసం కిందికి దిగాలన్నా
ముందు మోకాళ్లను సంప్రదిస్తుంది.

"ఇగ్నాత్సీ, ఒకసారి పైకి రా" అంది.
బల్ల మీద అన్నీ పరిచి ఉన్నాయి:
పాత కంప్యూటరు, అందులో ట్రామ్ నడిపే ఆట,
మనవరాలు వదిలేసిన నల్ల కంట్రోలరు.
కన్సోలు వేసవిలోనే కాలిపోయిందట.
ఒళ్లు పోయి చెయ్యి మిగిలినట్టు
ఇది మిగిలింది,
ఓ పిల్ల బొటనవేళ్లకి అరిగి నున్నబడి.

"కీబోర్డు మీద బ్రేకేమిటయ్యా,
ఉత్తరం టైపు కొట్టి ఆపుతారా బండిని?"

కేబులు పెట్టాను.
కంట్రోలరు నుదుటి మీద నారింజ దీపం వెలిగింది.
కంప్యూటరు ఉలకదు, పలకదు.
ఈ రంధ్రం కాదని ఆ రంధ్రం, అదీ కాదని వెనకది.
ఆపాను, మళ్లీ వెలిగించాను.
"డ్రైవరు లేదంటుందేమో" అన్నాను.
"ఎదురుగా కూర్చున్నాను కదా" అంది.

గంట గడిచాక తట్టింది నా మట్టిబుర్రకి:
అది ఉత్త ఛార్జింగు కేబులు.
లోపల కరెంటుకి రెండు తీగలున్నాయి,
కబురు మోసే తీగలు అసలే లేవు.
అన్నం పెడుతుంది, మాట్లాడదు.
"మా డిపో మేనేజరు" అంది ఒతీలియా
కేబులు చుట్టచుట్టి సొరుగులో పడేస్తూ.

సరే, తీగ లేకుండానే కలుపుదామన్నాను.
రెండు బొత్తాలూ కలిపి నొక్కిపట్టాలి,
దీపం గబగబా మిణికేదాకా.
పట్టుకుంది. ఊపిరి కూడా పట్టుకుంది.
తెర మీద వెతుకుతోంది, ఇంకా వెతుకుతోంది.
పక్కింటి స్పీకరు పలికింది.
నాలుగో అంతస్తు ముసలాయన చెవి మిషను పలికింది.
ఎవరిదో టీవీ, ఎవరిదో గడియారం.
ఇంతమంది ఈ గోడల వెనక
పిలిస్తే పలుకుదామని కూర్చున్నారని
పదేళ్లుగా ఉంటున్నా నాకు తెలీదు.
అందరి తర్వాత వచ్చింది మనది,
ఇంటిపేరు లేకుండా, 'వైర్‌లెస్ కంట్రోలర్' అని.

ఎడమ పుల్ల ముందుకి తోస్తే వేగం,
వెనక్కి లాగితే బ్రేకు. గుండ్రటి బొత్తాం తలుపులకి.
"గంటో?"
ఇదిగో, చూపుడువేలి కింద.
వేలు కదిలేలోపే ఆవిడ ఎడమకాలు
నేలని తట్టింది, లేని పెడల్ కోసం.

మొదటి స్టాపు. తలుపులు తెరిచింది.
జనం ఎక్కుతుండగా
బండి తనంతట తనే ఓ జానెడు జరిగింది.

కంట్రోలరు ఒళ్లోంచి జారి పడింది.
"తలుపులు తెరిచి ఉండగా!"
నిజంగా ఎవరో చక్రం కింద పడ్డట్టు
మొహంలో నెత్తురు లేదు.
"ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్కసారి కూడా..."

మీ తప్పు కాదని చెప్పాను.
పుల్ల అరిగింది, ఎవరూ తొయ్యకపోయినా
తోస్తున్నారనుకుంటోంది.
ఇంతలోపు కదలికని లెక్కచెయ్యకు అని
మనమే దానికి గీత గీసివ్వాలి.
ఐదు శాతం పెట్టాను, జరిగింది.
ఎనిమిది, ఇంకా కొంచెం.
పన్నెండు దగ్గర ఆగింది.
నేను పద్దెనిమిది దాకా జరిపాను.
ఎందుకని ఆవిడ అడగలేదు.
తన కుడిచేత్తో ఎడమచేతి మణికట్టుని
కాసేపు పట్టుకుని, వదిలేసి,
పుల్ల మీద బొటనవేలు ఆనించింది.

పట్టాలు చీలే చోట కంట్రోలరు గజగజలాడింది.
"ఇదిగో, ఇదీ" అంది కళ్లు మూసుకుని.
కళ్లు తెరవమని నేనే అరవాల్సొచ్చింది.

చివరి స్టాపులో ఎవరూ లేరు.
టైము ఎర్రబడింది తెర మీద.
అయినా తలుపులు వెయ్యదే!
"ఆఖరి బండికి ఎవరో ఒకరు
పరిగెత్తుకుంటూ వస్తారు, ఉండు."
ఉన్నాను. టీ చల్లారింది.

కిందికొచ్చి పడుకున్నాను.
అర్ధరాత్రి దాటాక నా పైకప్పు మీద
టక్. టక్‌టక్.
ఎవడో పట్టాలకి అడ్డంగా
సైకిలు తోసుకొచ్చి ఉంటాడు.